బూడిదలో తొలిచిన ఇల్లు

"పగలు కిటికీలు తీయకండి. చీకటి పడ్డాక తీయండి."

తాళం చెవి చేతికిస్తూ ఇంటి పెద్దావిడ చెప్పిన మొదటి మాట ఇది. సెప్టెంబరు మొదటివారం, మిట్టమధ్యాహ్నం. బయట ఎండ చుర్రుమంటోంది. కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే నాలుగు కిటికీలూ బార్లా తెరిచి గాలి రానివ్వడం నాకు అలవాటు. కానీ నా వెంట వచ్చిన మా అమ్మ మాత్రం ఆ మాటను నేను తెలుగులో చెప్పగానే తలాడించింది. "అవును మరి, ఎండాకాలం మనం మాత్రం పట్టపగలు తలుపులు తీసిపెట్టుకుంటామా?" అంది. తర్వాత వెనకగది దాకా నడిచి, సున్నం కొట్టిన గోడమీద అరచెయ్యి ఆనించి, "నూతి ఒరలో చెయ్యి పెట్టినట్టుందిరా" అంది.

గ్రీసు దేశపు శాంటోరిని దీవిలో, వోథోనస్ అనే ఊళ్ళో మేం దిగిన ఆ ఇల్లు కట్టింది కాదు, తవ్వింది. ఇలాంటి ఇంటిని గ్రీకులో ఇపోస్కాఫో అంటారు. కింద తవ్వినది అని అర్థం. ప్రపంచమంతా ఫొటోల్లో చూసే శాంటోరిని, కొండ అంచున తెల్లటి ఇళ్ళూ నీలి గుమ్మటాలూ ఉన్న ఇయా ఊరు. వోథోనస్ అలా ఉండదు. దీవి లోపలి భాగంలో వాననీళ్ళు కోసుకుపోయిన ఒక లోతైన వాగు, దానికి అటూ ఇటూ నిలువు గట్లు, ఆ గట్లలోకి తొలిచిన ఇళ్ళు. వీధి నుంచి చూస్తే ఒక తలుపు, రెండు కిటికీలు, తలుపుపైన ఒక వెంటిలేటరు కనిపిస్తాయి. మిగిలిన ఇల్లంతా మట్టి కడుపులో ఉంటుంది.

నిజానికి దాన్ని మట్టి అనకూడదు. అది బూడిద.

ఇప్పటికి సుమారు 3600 ఏళ్ళ కిందట ఈ దీవిలోని అగ్నిపర్వతం పేలింది. మానవజాతి కళ్ళముందు జరిగిన అతిపెద్ద పేలుళ్ళలో అదొకటి. బయటికి వచ్చిన రాతిద్రవం 30 ఘన కిలోమీటర్లకు తగ్గదని అంచనా. దీవి నడిభాగం కుంగిపోయి సముద్రం లోపలికి వచ్చింది. ఇప్పుడు ఓడలు తిరిగే కాల్డెరా అనే గుంటకు ఈనాటి రూపం అప్పుడే వచ్చింది. దాని చుట్టూ నిలిచిన కొండగోడ కొన్నిచోట్ల 300 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఆ గోడను సముద్రంమీద నుంచి చూస్తే కింద నల్లటి, ఎర్రటి లావా పొరలు, అన్నిటికన్నా పైన పాలిపోయిన తెల్లటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఆ ఒక్క పేలుడు కప్పిన దుప్పటి అది. కొన్నిచోట్ల పదుల మీటర్ల మందం. దాని కిందే ఆక్రోతిరి అనే కంచుయుగపు పట్టణం పూడిపోయింది. 1967లో స్పిరిదోన్ మరినాతోస్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాక రెండు మూడంతస్తుల ఇళ్ళు, గోడచిత్రాలు, ధాన్యపు జాడీలు బయటపడ్డాయి. మనుషుల కళేబరాలు మాత్రం దొరకలేదు. ముందే వచ్చిన భూకంపాలకు ఊరు ఖాళీచేసి వెళ్ళిపోయి ఉంటారని పురావస్తువేత్తలు భావిస్తున్నారు. ఒక ఊరిని పాతిపెట్టిన బూడిదలోనే, వేల ఏళ్ళ తర్వాత ఇంకొందరు వచ్చి తమ ఊళ్ళు తొలుచుకున్నారు.

ఆ బూడిద పొరకు ఇళ్ళు తొలవడానికి కావలసిన గుణాలు రెండున్నాయి. మొదటిది, అది మెత్తన. సన్నటి బూడిదా, దానిలో గుచ్చుకున్న నురుగురాళ్ళూ కలిసిన పదార్థం అది. నురుగురాయి అంటే వాయువులతో పొంగిన లావా ఒక్కసారిగా చల్లారి, బుడగలు బుడగల్లాగే గట్టిపడిన రాయి. నీళ్ళమీద తేలుతుంది. ఇలాంటి పొరను పికాసుతో తవ్వొచ్చు. రెండోది, మెత్తనైనా జారిపోదు. నది ఇసుక రేణువుల్లా ఇక్కడి రేణువులు గుండ్రంగా ఉండవు. పేలుడులో పగిలిన గాజుపెంకుల్లా కోణాలతో ఉండి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. సందుల్లో సన్నబూడిద నిండుతుంది. అందుకే నిలువుగా కోసిన గట్టు దశాబ్దాల తరబడి అలాగే నిలబడుతుంది. వోథోనస్‌లో వాగు గట్లను చూస్తే అది కళ్ళకు కడుతుంది.

దీవిలో అడవుల్లేవు. దూలానికి, వాసానికి పనికొచ్చే కలప ఓడమీద రావాల్సిందే. పేదవాడు ఇంటికి కప్పు ఎలా వేసుకోవాలి? వేసుకోనక్కర్లేదు, కప్పు కింద చోటు చేసుకుంటే చాలు. తవ్వే మనిషి గది పైభాగాన్ని నిలువునా చీల్చిన పీపాలా వంచి తవ్వుతాడు. అది అందం కోసం చేసింది కాదు. మట్టికీ రాతికీ నొక్కితే తట్టుకునే బలం ఉంది కానీ సాగదీస్తే తట్టుకునే బలం లేదు. కప్పు బల్లపరుపుగా ఉంటే పైబరువుకు దాని అడుగుభాగం సాగి, పగుళ్ళిచ్చి రాలుతుంది. వంపుగా ఉంటే బరువు ఆ వంపు వెంట పక్కలకు జారి గోడల్లోంచి నేలలోకి దిగిపోతుంది. కప్పులో ప్రతి రేణువూ పక్కదాన్ని నొక్కుతూ దాన్ని పడకుండా పట్టుకుంటుంది. ఏలూరు జిల్లా గుంటుపల్లి వెళ్ళినవాళ్ళకు అక్కడి గుండ్రటి చైత్యంలో గొడుగులాంటి కప్పు గుర్తుండే ఉంటుంది. చెక్కవాసాల ఆకారాన్ని రాతిలో దించారు అక్కడి శిల్పులు. అక్కడిది గట్టి రాయి. శాంటోరిని బూడిదకు ఆ బలం లేదు, దానికి వంపే ప్రాణం.

ఇంటి ముఖం ఇరుకుగా, ఒళ్ళు పొడవుగా ఉంటుంది. ముందు సాలా అనే పెద్ద గది, దాని వెనక పడకగది. రెంటికీ మధ్య గోడ. చిత్రమేమిటంటే ఆ మధ్యగోడకు కూడా వీధిగోడకున్నట్టే మధ్యలో తలుపు, అటూ ఇటూ కిటికీలు, పైన వెంటిలేటరు ఉన్నాయి. ఇంట్లో గోడకు కిటికీలెందుకని అమ్మ అడిగింది. వెనకగదికి ఉన్న వెలుగంతా ముందుగోడ ఇచ్చిందే కాబట్టి. తలుపుకెదురు తలుపు, వెంటిలేటరుకెదురు వెంటిలేటరు. దక్షిణముఖంగా ఉన్న ఇంట్లో దీని ఫలితాన్ని కాగితంమీద లెక్కకట్టి చూడొచ్చు. శాంటోరిని అక్షాంశం సుమారు 36.4 డిగ్రీలు. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు అక్కడ దిగంతానికి 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్ 21న 77 డిగ్రీల ఎత్తుకెక్కుతాడు. 2.8 మీటర్ల ఎత్తున ఉన్న వెంటిలేటరు గుండా చలికాలపు ఎండ గదిలోకి దాదాపు 5 మీటర్లు చొచ్చుకొస్తుంది. ఎండాకాలంలో ముప్పాతిక మీటరు కూడా రాదు, గోడమందమే దాన్ని మింగేస్తుంది. చలిలో రమ్మని, ఎండల్లో వద్దని ఎవరూ తెర వేయకుండానే సూర్యుడు ఆ వేళకు ఆ పని చేసిపోతాడు.

ఇక అమ్మ అన్న నూతి ఒర సంగతి.

ధనుర్మాసం తెల్లవారుజామున నూతిలో చేద వేసి తోడిన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. రోహిణికార్తెలో అదే నూతి నీళ్ళు ఒళ్ళు జల్లుమనిపిస్తాయి. నీళ్ళు పెద్దగా మారలేదు. మారింది మన చుట్టూ ఉన్న గాలి. నేల లోపలికి వెళ్ళేకొద్దీ రుతువులు మందగిస్తాయి. గుహ ఇల్లు ఈ మందగింపులో కాపురం పెట్టిన ఇల్లు.

నేలమీద పడిన వేడి ఒక అలలా లోపలికి ప్రయాణిస్తుంది. పగలు ఎక్కి రాత్రి తగ్గే అల ఒకటి, వేసవిలో ఎక్కి చలికాలంలో తగ్గే అల ఇంకొకటి. రెండూ లోపలికి పోతూ బలహీనపడతాయి. పొడి నురుగురాతి పొరలో రోజువారీ అల సుమారు బెత్తెడు, అంటే 10 సెంటీమీటర్లు దాటేసరికి మూడోవంతుకు పైచిలుకు మాత్రమే మిగులుతుంది. ఇంకో బెత్తెడుకు అందులో మూడోవంతు. 30 సెంటీమీటర్ల దగ్గర ఇరవయ్యోవంతు. అంటే మూర లోతున పగలూ రాత్రీ తేడా ఇక తెలియదు. ఏడాది అల నెమ్మదైనది కాబట్టి లోతుగా వెళ్ళగలదు. ఎన్ని రెట్లు లోతుకు? 365కు వర్గమూలమంత, అంటే 19 రెట్లు. బెత్తెడు చోట సుమారు 2 మీటర్లు. 4 మీటర్ల లోతున అది ఏడోవంతుకు తగ్గిపోతుంది.

ఇప్పుడు శాంటోరిని వాతావరణం కలిపి చూద్దాం. అక్కడ ఏడాది సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి సగటు ఆ అంకెకు ఆరేడు డిగ్రీలు కింద, ఆగస్టు సగటు అంతే పైన. ఆ ఏడు డిగ్రీల ఊపులో ఏడోవంతంటే ఒక డిగ్రీ. కాబట్టి 4 మీటర్ల లోపలి గోడకు ఏడాది పొడవునా 17 నుంచి 19 డిగ్రీల మధ్య ఉండటమే ధర్మం. ఇంకో విచిత్రం ఉంది. అల బలహీనపడటమే కాదు, ఆలస్యంగా కూడా వస్తుంది. 4 మీటర్ల లోతుకు దాదాపు నాలుగు నెలల ఆలస్యం. ఆగస్టు ఎండ వెనకగోడను చేరేసరికి డిసెంబరు వస్తుంది. గోడ కాస్తో కూస్తో వెచ్చబడేది చలిలో, కాస్తో కూస్తో చల్లబడేది వేసవి మొదట్లో. ఇంట్లో పొయ్యి, మనుషులు, ముందుగోడ మీది ఎండ వల్ల గదిగాలి గోడకన్నా కొంత వెచ్చగానే ఉంటుంది. అయినా బయటి గాలితో పోలిస్తే ఆ ఇంట్లో రుతువులు గుసగుసలాడతాయే తప్ప కేకలు వేయవు.

ఇందులో నురుగురాయి వాటా చెప్పకుండా ఉండలేను. గట్టిరాయిలో వేడి సాఫీగా పరిగెడుతుంది. నురుగురాయిలో అడుగడుక్కీ గాలిబుడగ అడ్డు. దాని ఉష్ణవాహకత గట్టిరాయితో పోలిస్తే సుమారు పదోవంతు. ఏ అగ్నిపర్వతం వేడిని కక్కిందో ఆ అగ్నిపర్వతమే వేడిని ఆపే పదార్థాన్నీ ఇచ్చింది. దీవివాసులు దీన్ని ఇంటికే కాదు, ద్రాక్షసారాయికీ వాడుకున్నారు. కానవా అనే, ద్రాక్షసారాయి తయారుచేసి నిల్వ ఉంచే కొట్లను కూడా ఇదే బూడిదలో తొలిచారు. పీపాల్లోని సారాయికి కావలసింది ఎక్కువ తక్కువలు లేని చల్లదనం. ఇయాలో నేడు అతిథిగృహాలైన కొన్ని గుహలు ఒకప్పటి కానవాలే.

ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. గుహ చల్లదనాన్ని పుట్టించదు. ఆ చోటి ఏడాది సగటును దాచిపెట్టి ఇస్తుంది, అంతే. ఇదే ఇంటిని విజయవాడ కొండలో తొలిస్తే గోడ 18 దగ్గర కాదు, 28 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, అక్కడి సగటు అది కాబట్టి. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు 28 అంటే అదృష్టమే. కానీ దాన్ని చూసి గుహ అనగానే చల్లన అనుకుని ఏ దేశంలోనైనా నేలలోకి దిగితే చాలనుకోవడం పొరపాటు. నేల ఎక్కడి సగటును అక్కడే జ్ఞాపకం పెట్టుకుంటుంది.

పెద్దావిడ చెప్పిన కిటికీ మాటకు ఇంకా సగం జవాబే వచ్చింది. పగటి వేడిని బయటే ఉంచడం అందులో ఒక సగం. రెండో సగం చెమ్మ.

గుహ ఇంటికి అసలు శత్రువు వేడి కాదు, చలి కాదు, చెమ్మే. చుట్టూ సముద్రం. 26 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి 20 డిగ్రీల గోడను తాకితే, ఆ గాలిలోని ఆవిరి అక్కడే నీటిబొట్లుగా మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు బయట పెడితే చెమటపట్టినట్టు గోడకు చెమట పడుతుంది. ఆపైన బూజు, వాసన. వేసవిలో తెల్లారిందే మొదలు కిటికీలు తెరిచిపెట్టిన గుహ ఇంట్లో నాలుగు రోజులకు పక్కబట్టలు తడితడిగా తగలడానికి కారణం ఇదే. అలాగని ఎప్పుడూ మూసే ఉంచితే ఇంట్లోవాళ్ళే చెమ్మను పుట్టిస్తారు. నిద్రపోయే మనిషి ఒక రాత్రిలో ఊపిరి ద్వారా, ఒంటి ద్వారా పావులీటరుకు పైగా నీటిని గాలిలోకి వదులుతాడు. వంట, స్నానం అదనం. ఆ గాలి బయటికి పోవాలి. రాత్రి బయట చల్లబడ్డాక కిటికీలూ వెంటిలేటరూ తెరిస్తే లోపలి వెచ్చటి తేమగాలి తేలికై పైకెక్కి వెంటిలేటరు గుండా బయటికి పోతుంది, కిందినుంచి చల్లగాలి వస్తుంది. కరెంటు అక్కర్లేని ఫ్యాన్ అది. వేసవిలో ఉత్తరం నుంచి వీచే మెల్తెమి గాలి పొడిగాలి, దాన్ని రానివ్వొచ్చు. దక్షిణపు గాలి వీచే రోజున మాత్రం గోడలు ఊరతాయి. గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతకు మంచుబిందువు అనే మాట పుట్టకముందే ఇవన్నీ ఆ దీవి ఆడవాళ్ళకు తెలుసు.

గోడమీది సున్నం ఈ కథలో సగం పని చేస్తుంది. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. గోడకు పల్చటి రాతిపొర వేసినట్టే. కానీ ఆ పొరనిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. గాలిలో తేమ ఎక్కువైతే కొంత పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. కొత్త సున్నానికి క్షారగుణం ఎంత ఎక్కువంటే బూజు దానిమీద బతకదు. బయటివైపు ఎండను తిప్పికొడుతుంది. లోపలివైపు, వెంటిలేటరు గుండా వచ్చిన కాస్త వెలుగును గోడ నుంచి గోడకు విసురుతూ వెనకగది దాకా తీసుకెళ్తుంది. గ్రీకు దీవుల్లో ఏటా ఈస్టరు పండగకు ముందు ఇళ్ళకు సున్నం కొడతారు. సంక్రాంతికి వెల్లవేసిన ఇంట్లో పెరిగిన అమ్మకు ఇది చెప్పనక్కర్లేకపోయింది. వేలితో గోడ రుద్ది, అంటిన తెలుపు చూసి, "ఇది పెయింటు కాదు, సున్నమే" అని తృప్తిగా చెప్పింది.

ఆమె అంతగా పరీక్షించడానికి కారణముంది. దీవికి వచ్చిన మొదటి రెండు రాత్రులూ మేం ఇంకోచోట దిగాం. అదీ గుహ ఇల్లే. ఖరీదైనది. గోడలకు మెరిసే ప్లాస్టిక్ పెయింటు, వెంటిలేటరు తీసేసి బిగించిన అద్దం, గదిలోపలే వేడినీళ్ళ తొట్టి. తొట్టి ఆవిరికి బయటికి పోయే దారి లేదు, గోడకు పీల్చుకునే వీలు లేదు. కొండలోంచి వచ్చే చెమ్మకు కూడా పెయింటు అడ్డుపడి, మంచం తలాపున పొర బుడగలుబుడగలుగా లేచి ఊడుతోంది. అమ్మకు రాత్రంతా దగ్గు. ఏసీ వేస్తే తేమ తగ్గుతుంది, ఆపితే మళ్ళీ పెరుగుతుంది. వందల ఏళ్ళు కరెంటు లేకుండా బతికిన ఇల్లు, ఇప్పుడు ఏసీ లేకపోతే ఊపిరాడని స్థితికి వచ్చింది. గుహ ఇంటిని పాతది అనే పేరుమీద అమ్ముతూ, అది పనిచేసే పద్ధతిని పీకేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఊపిరి పీల్చే గోడకు ప్లాస్టిక్ తొడగడం మరమ్మతు కాదు.

వోథోనస్ ఇంటి ముంగిలి బండల కింద వాననీటి సంపు ఉంది. శాంటోరినిలో నదుల్లేవు, వాన ఏడాదికి 400 మిల్లీమీటర్లు కూడా పడదు, అదీ చలికాలంలోనే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ముంగిలీ పైకప్పూ కలిసి 50 చదరపు మీటర్లుండి, 300 మిల్లీమీటర్ల వాన పట్టగలిగితే 15,000 లీటర్లు. ఒక కుటుంబం ఏడాది పొడవునా దానితో గడపాలంటే రోజుకు 41 లీటర్లు. ముంగిలికి సున్నం కొట్టడంలో ఈ లెక్క కూడా ఉంది, వాననీరు శుభ్రమైన తెల్లటి నేలమీదుగా సంపులోకి చేరాలి కదా. ఇప్పుడు దీవికి నీళ్ళు ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధిచేసే ప్లాంట్ల నుంచి వస్తున్నాయి.

ఆ సంపులు కారకపోవడానికి కూడా అగ్నిపర్వతమే కారణం. ఒట్టి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, నీళ్ళలో గట్టిపడదు. దానికి ఈ బూడిద కలిపితే కథ మారిపోతుంది. పేలుడులో లావా అంత వేగంగా చల్లారిపోయింది కాబట్టి అందులోని సిలికాకు స్ఫటికాలుగా అమరే తీరిక దొరకలేదు. అస్తవ్యస్తమైన గాజుగా ఉండిపోయింది. ఆ గాజు సున్నంతో, నీటితో కలిసి సిమెంటులో ఏర్పడే రకం బంధాలనే ఏర్పరుస్తుంది. నీళ్ళకిందైనా రాయవుతుంది. ఇళ్ళ ముందుభాగాన్ని లావారాళ్ళతో కట్టేటప్పుడు వాడిన గచ్చు ఇదే. మన పాత మేడలకు వాడిన గచ్చులో సున్నంతో పాటు కాల్చిన ఇటుకపొడి కలిపి గానుగలో తిప్పేవారు. రసాయనశాస్త్రం ఒకటే. మనం బట్టీలో కాల్చి తయారుచేసుకున్న గుణం, శాంటోరినిలో కొండనుంచి తవ్వుకుంటే దొరికింది. దీవి గ్రీకు పేరైన తిరా మీద, తిరా నేల అనే పేరుతో ఆ బూడిద ఓడలకొద్దీ ఎగుమతైంది. 1860లలో సూయజ్ కాలువ పనులకు కూడా వెళ్ళింది. దీవిలో ఆ బూడిద కోసం జరిగిన తవ్వకాల్లో అడుగున పాత గోడలు తగలడంతోనే, కింద ఏదో ఊరుందన్న సంగతి పండితుల చెవిన పడింది. ఆక్రోతిరి తవ్వకాలకు వందేళ్ళ ముందు మాట అది.

ఇంతా చెప్పి భూకంపం మాట దాటవేస్తే మోసం చేసినట్టే. 1956 జులై 9 తెల్లవారుజామున అమోర్గోస్ దీవి దగ్గర 7.5కు పైబడిన తీవ్రతతో భూమి కంపించింది. పావుగంట లోపే రెండో పెద్ద కుదుపు. 53 మంది చనిపోయారు. శాంటోరినిలో 500కు పైగా ఇళ్ళు కూలిపోయాయి, ఇంకెన్నో పగుళ్ళిచ్చాయి. భూమిలోపలి గది చుట్టూ ఉన్న నేలతో పాటే కదులుతుంది కాబట్టి, ఎత్తైన కట్టడంలా ఊగదు. అది దానికున్న మేలు. కానీ దాని బలహీనత అంచుల్లో ఉంటుంది. కట్టిన ముఖభాగం, తొలిచిన ఒంటితో కలిసే చోట విడిపోతుంది. కొండ అంచే జారితే అంచున తొలిచిన గది దానితో పాటే పోతుంది. ఆ ఏడాది తర్వాత చాలామంది దీవి విడిచిపోయారు. ఇయా వీధులు దాదాపు ఖాళీ అయ్యాయి. 1970లలో గ్రీకు జాతీయ పర్యాటక సంస్థ పాడుబడిన గుహ ఇళ్ళను బాగుచేసి అతిథిగృహాలుగా మార్చే పథకం మొదలుపెట్టింది. ఒకప్పుడు నావికులూ కూలీలూ ఉన్న గుహలు, ఓడల యజమానుల మేడలకన్నా ఎక్కువ అద్దె పలకడం అప్పట్నుంచీ మొదలైంది.

2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో శాంటోరినికీ అమోర్గోస్‌కూ మధ్య సముద్రం కింద వేల కుదుపులు వచ్చాయి. పదివేల మందికి పైగా దీవి వదిలి వెళ్ళారు. అధికారులు ఇచ్చిన సూచనల్లో ఒకటి, ఈతకొలనులు ఖాళీ చేయమని. నీళ్ళ కొలను ఒక ఘనమీటరుకు టన్ను బరువు. కారిన నీరు బూడిద సందుల్లోకి దిగితే, రేణువులను పట్టి ఉంచిన పొడి బిగువు సడలుతుంది. మూడున్నర వేల ఏళ్ళు పొడిగా ఉండటం వల్లే నిలబడిన గట్టు అంచున ఇంటింటికీ ఒక కొలను కట్టడం మంచి పని కాదని నేను నమ్ముతున్నాను. పాతవాళ్ళు నీటిని సంపులో పెట్టి, గచ్చుతో మూసి, చుక్క కారనివ్వలేదు.

రాత్రి తొమ్మిదికి పెద్దావిడ వచ్చి తలుపుకొట్టింది. కిటికీలు తెరిచామో లేదో చూసుకోవడానికి. అమ్మ అప్పటికే తెరిచేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దావిడ ఒక పొడవాటి కర్రతో వెంటిలేటరు రెక్కను ఇంకాస్త తోసి, ఎంత తెరవాలో చూపించింది. వాగులోంచి చల్లటి గాలి నేలవెంట పాకుతూ వెనకగది దాకా వచ్చింది.

శాంటోరిని వెళ్ళాలనుకునే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొండ అంచున కొలనున్న గది కోసమే వెతక్కండి. వోథోనస్, కార్టెరాడోస్, ఎంబోరియో లాంటి లోపలి ఊళ్ళలో కూడా తొలిచిన ఇళ్ళు అద్దెకిస్తారు. గది తీసుకునేముందు రెండు ప్రశ్నలు అడగండి: గోడకు సున్నమా, పెయింటా? తలుపుపై వెంటిలేటరు తెరుచుకుంటుందా? నీళ్ళు పొదుపుగా వాడండి. పగలు కిటికీలు మూసి ఉంచండి, చీకటి పడ్డాక తీయండి.